ఏడు బారలు

మా తాత ఎవర్నీ చంపలేదు,
ముప్ఫై ఏడేళ్లు నౌకాదళంలో ఉండి కూడా.
పక్కింటి అడ్మిరల్‌కి ఒక కన్ను లేదు,
దాని మీద పది కథలున్నాయి.
మా తాతకి రెండు కళ్లూ ఉండేవి,
కథ ఒక్కటే.
అదీ ఆయన చెప్పింది కాదు.

పదమూడో ఏట ఫాల్మత్ రేవులో ఓడెక్కాడు
తనకన్నా బరువైన పెట్టెతో.
మొదటి రాత్రి ఉయ్యాల పడకలోంచి మూడుసార్లు పడ్డాడట,
నాలుగోసారి కిందే పడుకున్నాడట.
లెక్కలు బాగా వచ్చిన పాపానికి
ఫిరంగుల దగ్గరికి పోనివ్వకుండా
సముద్రాన్ని కొలిచే ఓడకి పంపేశారు.

కొలవడమంటే,
తాడు చివర సీసపు గుండు,
గుండు అడుగున గుంటలో కాస్త కొవ్వు.
వదలాలి. తాడు సడలేదాకా ఆగాలి.
లాగి, కొవ్వుకి ఏం అంటుకుందో చూడాలి.
నల్ల ఇసుక, పగిలిన గవ్వ, బురద.
ఏమీ అంటకపోతే కింద బండ ఉన్నట్టు.
రోజుకి నాలుగొందల సార్లు.
చేతులు రెండూ చాపితే ఒక బార,
కావలించుకోబోయినట్టే చాపాలి,
కౌగిట్లోకి వచ్చేది మాత్రం తడి తాడు.

పెళ్లయిన పదకొండేళ్లలో
ఆయన ఇంట్లో ఉన్న రోజులు నాలుగొందల ఆరని
మా అమ్మమ్మ లవ్‌డే లెక్క తేల్చింది.
"మీ ఆయన లోతు మనిషటగా" అని పాస్టరు భార్య అంటే
"నా తాడు అంత పొడుగు లేదమ్మా" అందట
బంగాళాదుంపలు చెక్కుతూ.

డెబ్బై ఒకటి వేసవిలో
హెబ్రిడీస్‌లో హెస్కాల్ దీవి పక్క,
చీకటి పడుతోంది, మంచు దిగుతోంది,
పడవలో కుర్రాళ్లకి ఆకలి.
ఇక్కడ ఏడు బారలు. అక్కడా ఏడే.
మధ్యలోనూ ఏడే అయ్యుంటుందని
లెఫ్టినెంట్ ఆంబ్రోజ్ ట్రెగెంజా పుస్తకంలో రాసుకున్నాడు.
ఒడ్డున నాచు ఏరే ఆడవాళ్లు
చేతులూపి ఏదో అరిచారు, గేలిక్‌లో.
మా తాత మర్యాదగా టోపీ ఎత్తాడు.

తొమ్మిదేళ్లకి, నవంబరులో,
ఉప్పు మోసుకెళ్తున్న ఓడ ఒకటి
ఆయన పటాన్ని నమ్ముకుని
ఆ రెండు ఏళ్ల నడుమ నుంచి వెళ్లింది.
పదకొండు మంది.
వంటవాడు మా ఊరివాడే, వాళ్లమ్మ మాకు గుడ్లు అమ్మేది.
తర్వాతా అమ్మింది,
కానీ డబ్బులు అమ్మమ్మ చేతినుంచే తీసుకునేది.

విచారణలో ఆయన తప్పేం లేదన్నారు.
మళ్లీ వెళ్లి కొలిచాడు, ఈసారి అడుగడుక్కీ.
రాయి దొరికింది, నీళ్ల కింద బారన్నర లోతులో.
కనిపెట్టినవాడి పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ గనక
పటం మీద అచ్చయింది: ట్రెగెంజా రాయి.
ఆ ఏడే కెప్టెన్‌ని చేశారు.

అప్పుడు ఒడ్డుకి వెళ్లాడు. మొదటిసారి.
బడిపంతులుని దుబాసీగా పెట్టుకుని
ఓయ్‌రిక్ అనే ముసలావిడ గుమ్మంలో నిలబడి అడిగాడు.
దాని పేరు ముసలిదాని పన్ను అంది.
మా ముత్తవ్వ నాటి పేరు అంది.
ఏడాదికోసారి, అమావాస్య పాటుకి, బయటపడి నవ్వుతుంది అంది.
ఇంకేదో అంటే పంతులు తటపటాయించాడు.
చెప్పమన్నాడు తాత.
"మేం చెప్పాం కదా. నువ్వు టోపీ తీశావు."

ఇదంతా నాకు ఆ పంతులు ఉత్తరాల వల్ల తెలిసింది,
సాక్సుల అరలో, దారంతో కట్టి ఉన్నాయి.
వాటి కింద ఆ పటం.
తన పేరుని పెన్సిలుతో కొట్టేసి
పక్కన ఆవిడ చెప్పిన పేరు రాసుకున్నాడు,
స్పెల్లింగు తప్పుగా.
అచ్చయ్యే పటాల్లో మాత్రం ఇంకా ఆయన పేరే.

నాకు గుర్తున్న తాతకి డెబ్బై దాటాయి,
మోకాళ్లు నొప్పి.
నా చెయ్యి పట్టుకుని రేవు దాకా నడిచేవాడు.
అవతలి గట్టున ఎవరైనా చెయ్యి ఊపితే చాలు,
ఆగిపోయేవాడు.
బూట్లు బురదలో దిగబడుతున్నా
నన్ను లాక్కుంటూ అంత దూరమూ వెళ్లి
"ఏమన్నారు?" అని అడిగేవాడు.

చాలాసార్లు వాళ్లు కుక్కని పిలుస్తుండేవారు.