నీళ్ళ పేజీ

కొరుక్కుపేట రైల్వే గేటు పడింది.
గూడ్సు పెట్టెలు లెక్కపెడుతూ నిలబడ్డాను.
నాలుగు నెలలుగా అలవాటైపోయింది,
ఏది కనబడ్డా లెక్కే.

తెలుగిళ్ళున్న వీధులు నాకిచ్చారు.
"నీకైతే నోరు విప్పుతారు" అంది సూపర్‌వైజరు ఎళిలరసి.
మూడు రోజుల తర్ఫీదులో
ఒకటే మాట పదిసార్లు చెప్పింది:
ఎవరైనా లోపలికొస్తే
ప్రశ్న సగంలో ఉన్నా సరే
నీళ్ళ పేజీకి వెళ్ళిపో.
అది ఉత్తుత్తి పేజీ.
అందులో రాసింది ఎక్కడికీ పోదు.

కొట్టాడా అని అడగకూడదు. ఆ మాట పెద్దది,
దానికి అందరూ లేదనే అంటారు.
చెంపదెబ్బ విడిగా, జుట్టు పట్టి లాగడం విడిగా,
తోయడం, తన్నడం, చెయ్యి మెలిపెట్టడం
కిరాణా చీటీ చదివినట్టు ఒక్కొక్కటీ అడగాలి.
తరచుగా అంటే ఒకటి, అప్పుడప్పుడు రెండు,
ఎన్నడూ లేదు మూడు.
గడిచిన పన్నెండు నెలల్లో.

పన్నెండు నెలలంటే ఎవరికీ అందదు.
తుపానుకి ముందా తర్వాతా అంటారు.
చిన్నది బోర్లాపడినప్పుడు అంటారు.
ఒకావిడ వేళ్ళు మడుస్తూ మడుస్తూ
రెండో చేతికొచ్చి ఆగింది.
"ఇట్టా లెక్కేసుకుంటే బతికేదెట్టమ్మా" అని
పిడికిళ్ళు విప్పేసింది.
నేను రెండు నొక్కాను.

ఇంకొకామె నన్నే అడిగింది,
"పక్కింటామె ఏం చెప్పింది?"
చెప్పకూడదన్నాను.
"చెప్పొద్దులే. నాకు వినబడుతూనే ఉంటది.
దానికి నేనూ వినబడుతుంటా."

పద్నాలుగో నంబరు ఇల్లు.
మేకుకి కార్పొరేషన్ ఊడ్పు పని ఆకుపచ్చ కోటు.
గోడవార నాలుగు స్టీలు బిందెలు బోర్లించి ఉన్నాయి,
మూడింటికి చొట్టలు.
ఆరో ప్రశ్న మీదున్నాం. ఆమె నోరు తెరిచింది.
గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు.

వేలు దానంతటదే జరిగింది.
"మీకు నీళ్ళు ఎన్నాళ్ళకోసారి వస్తాయక్కా?"

అతను మంచమ్మీద కూచుని ఫోను చూసుకుంటున్నాడు.
ఆమె అతని వంక చూడలేదు, నా వంకా చూడలేదు.
బిందెలకేసి చూస్తూ చెప్పింది:
"శనివారం తప్పదు.
జీతం రోజైతే రాత్రంతా.
ఒక్కోసారి చెప్పాపెట్టకుండా తెల్లారగట్లే.
మొదట్లో ఇంత ధాటి లేదు,
పెద్దోడు పుట్టినాక ఎక్కువైంది."

ఎవరికైనా ఫిర్యాదు చేశారా?
ఈ ప్రశ్న రెండు పేజీల్లోనూ ఉంది.

"మాయమ్మకి చెప్పినా.
వాళ్ళ వీధిలోనూ అంతేనంట.
పట్టుకోవడం నేర్చుకోమంది."

అతను తలెత్తకుండా నవ్వాడు.
"లారీ నీళ్ళు ఉప్పగా ఉంటాయని కూడా రాయి."
"రాసుకోమ్మా" అందామె.
"ఉప్పగానే ఉంటాయి."

వీధి మలుపులో ట్యాబు అడిగింది, పూర్తయిందా?
లేదు. కారణం? ఏకాంతం లేదు.
రాత్రి ఎళిలరసికి ఫోను చేశాను,
నీళ్ళ పేజీ ఎక్కడైనా దాచి ఉంటుందా అని.
"ఉత్తుత్తిదని చెప్పాగా" అంది.
కాసేపు ఏమీ అనలేదు. తర్వాత,
"నీకూ వచ్చాయా ఇలాంటివి?"

ముప్పై ఎనిమిదో పెట్టె దగ్గర
అంకె చేజారింది.
గేటు లేస్తోంది, వెనక అన్నీ హారన్లు.
ఇవాళ పదిహేనో నంబరుతో మొదలు.
అదే గోడ, అవతలి వైపు.