చిల్లు కానీ

పర్లాకిమిడి మున్సిపాలిటీ నోటీసు
నాలుగు పేజీలు, మూడు సీళ్లు.
కుంచెలు కిరసనాయిల్లో నానేసి
గాజుల కొట్టు గున్నమ్మకి చదివి వినిపించాను,
ఒడియా నుంచి తెలుగులోకి, మధ్యమధ్య దగ్గుతూ.

బోర్డులో పైన ఒడియా ఉండాలి.
కింద ఏ భాషైనా రాసుకో, పై అక్షరం కంటే పొట్టిగా.
కాలవ దాటి అడుగున్నర మించి ముందుకి రాకూడదు.
ఎర్రదీపం తిరిగే బోర్డు పెట్టకూడదు,
లారీలవాళ్లు బ్రేకేస్తారట.
చదరపు అడుగుకి ఇంత. వెలిగే అడుగుకి రెండింతలు.

"మరి దేన్నీ ఒగ్గీలేదేటి?"

ఒగ్గీసారు. ఆఖరి పేజీలో, చీమకాళ్ల అచ్చులో.
తలుపు మీద డాక్టరు పేరు, రెండడుగుల లోపైతే.
'ఇల్లు అద్దెకు' అనే అట్టముక్క, పదిహేను రోజులు.
చావు కబురు, పదమూడు.
అద్దం లోపలివైపు ఏం రాసుకున్నా వాళ్ల కంటికి ఆనదు.
తొమ్మిదోది:
గోడతో పాటు పుట్టిన అక్షరాలు,
ఆ గోడకి అరవై ఏళ్లు నిండి ఉంటే.

గున్నమ్మ వీధిలోకి దిగి, మెడ వెనక్కి వాల్చి చూసింది.
పిట్టగోడ నుదుట సిమెంటుతో పోసిన ఆరక్షరాలు:
కనకం గాజులు.
కనకం ఆమె అత్త. పోసింది మా నాన్న.

"అరవై ఏళ్లని కాగితం ఉందా?"
టేపు మెడలో వేసుకుని వచ్చాడు త్రినాథ పాఢి.
కాగితం మొన్నటి తుపాను పట్టుకుపోయింది.
కట్టించినవాళ్లు అంతకుముందే పోయారు.
"కానీ..." అన్నాను.
"కానీ ఏంటి?"
"కానీయే బాబూ. ఆ సున్నలో ఉంది."

నిచ్చెనేశాను.
ఏటేటా కొట్టిన సున్నం,
పొర మీద పొర, నీలం, గంధం, మళ్లీ తెలుపు,
ఒలుచుకుంటూ పోతే గోరుకి తగిలింది రాగి.
నడుమ చిల్లు. చిల్లు పక్కన అంకెలు:
పందొమ్మిది వందల నలభై నాలుగు.

పాఢి బాబు కళ్లజోడు తుడుచుకుని చూశాడు.
"కానీ పాతదైతే గోడ పాతదైపోతుందా?
మా ఇంట్లోనూ ఉన్నాయి ఇలాంటివి, మొలతాళ్లకి కట్టినవి."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
నిచ్చెన మీదే నిలబడిపోయాను.

అప్పుడు విప్పింది గున్నమ్మ నోరు:
"నయాపైసలొచ్చీసి, బజార్లో కానీ చెల్లడం మానీసినాక
మాయత్త దీన్ని కూలిడబ్బుల్లో కలిపీసింది.
మేస్త్రీ పట్టీసినాడు. పల్లెత్తు మాటనలేదు.
తడి సిమెంటులో, ఆవిడ పేరులోనే ఒత్తీసి దిగిపోనాడు.
చచ్చినదాకా మాయత్త ఆ సున్న కింద నడవలేదు,
పక్కసందులోంచి తిరిగొచ్చీది."

పాఢి బాబు నవ్వలేదు. నోటీసు వెనక్కి తిప్పి
కానీ మీద ఆనించి పెన్సిల్ తో రుద్దాడు.
కాగితం మీద నల్లటి వలయం లేచింది.
పక్కనే రాశాడు: అత్త చేసిన మోసం
కోడలు తనంతట తాను ఒప్పుకొనినందున
గోడ వయసు నమ్మదగినది.
సంతకం.

"కానీ," అన్నాడు పోతూ పోతూ,
ఈసారి తెలుగులో,
"తలుపు పక్కన చిన్నది ఒడియాలోనూ రాయించమ్మా.
మా అమ్మ ముప్పై ఏళ్లుగా ఇక్కడే గాజులు వేయించుకుంటోంది.
కొట్టు పేరేంటంటే
'మెట్లు విరిగిన కొట్టు' అంటుంది."

మర్నాడు పొద్దున్నే రేకు కడిగి, తెల్లరంగు పూసి
కూర్చున్నాను మెట్ల మీదే.
మనది తలకట్టు, వాళ్లది గొడుగు.
తాటాకు చిరక్కుండా గంటం నడిపిన చేతులే కదా రెండూ,
గుండ్రంగా తిరగడం అప్పుడే నేర్చాయి.
మా నాన్నకి ఒడియా రాదు.
నాకు బస్సుల నుదుటి మీద చూసి వచ్చింది.
క, న, క. గొడుగు, గొడుగు, గొడుగు.
సున్న మాత్రం రెంటికీ ఒకటే.

రూపాయి బిళ్ల ఆనించి గీశాను దాన్ని.
బిళ్ల తీసి జేబులో వేసుకున్నాను.
మా నాన్నంత ధారాళం నాకు లేదు.