కందిపప్పు ఉడకని ఊరు

హిచిన్‌లో కుళాయి తిప్పితే
సుద్దకొండ కరిగి వస్తుంది.
కెటిల్ అడుగున తెల్లటి పెచ్చులు.
కందిపప్పు నాలుగు కూతలకీ
బద్ద బద్దగానే మిగులుతుంది.

పోయిన చలికాలం
నియాన్ టెట్రాలు తొమ్మిది తెచ్చాను.
రోజుకొకటి చొప్పున
నీలిగీత ఆరిపోయింది.
నా చెయ్యి మంచిది కాదనుకున్నాను.

చేపల కొట్లో డెరిక్
నా సీసాలో కాగితప్పీలిక ముంచి, రంగు చూసి
గల్లాపెట్టె మూసేశాడు.
"అవి ఆకులు నానిన అడవినీళ్ళవి. నీకు అమ్మను.
నీళ్ళని మార్చకు, చేపని మార్చు."

మోలీలు చూపించాడు. గప్పీలు చూపించాడు.
నేను మూలతొట్టి దగ్గరే ఆగిపోయాను:
టాంగన్యీకా సరస్సువట, చిటికెనవేలంత లేవు,
ఖాళీ నత్తగుల్లల్లో కాపురం.

ఇంట్లో ఇసుక మీద పది గుల్లలు పరిచాను.
నాలుగింటిలో పెద్దది
ఒక్కోదాని చుట్టూ తిరిగి
నచ్చనిదాన్ని ఇసుకతో పూడ్చి
నచ్చినదాన్లో దూరి, లోపలే మళ్ళి,
కళ్ళు మాత్రం బయటపెట్టింది,
అద్దె కట్టేసిన దానిలా.

వెనకాల కుక్కర్ ఏడో కూత వేసింది.
ఉడికినప్పుడే ఉడుకుతుంది.