నీడ ఎవరి వంతు

నలభై ఒక్క డిగ్రీల మెల్‌బోర్న్.
పెద్ద కోర్టుకి పైకప్పు మూసేశారు.
పదమూడో కోర్టు మాత్రం పెనంలా కాలుతోంది,
క్వాలిఫయర్ కుర్రాడు
ఐసు తువ్వాలు మెడకి చుట్టుకుని
ఎండతోనే టైబ్రేక్ ఆడుతున్నాడు.

తిరుగు ట్రాములో డెస్మండ్,
ముక్కు మీద తెల్లటి క్రీముతో,
"రూలు రూలే" అన్నాడు.
"ర్యాంకు చూసి కాస్తాడా సూర్యుడు?"
స్టావ్రూలా గొంతుకి డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు.

స్వాన్ స్ట్రీట్ దాటినా
డ్యూస్ దగ్గరే ఉంది వాదన.

నాకేమో ఆ బంతులందించే పిల్లే కళ్లలో మెదులుతోంది:
విరామంలో కుర్రాడికి గొడుగు పట్టి
తను ఎండలో నిలబడ్డది.
ఆ పిల్ల ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

దిగేటప్పుడు చూసుకున్నాను,
నా నీళ్ల సీసా
ఇంకా సగం నిండుగానే ఉంది.