పదకొండు వారాలు

ఒకటి నుంచి అయిదు దాకా అంకె వేయమంటోంది
పరిశోధన చేస్తున్న అమ్మాయి.
మందులకెంత, ఇంటివాళ్ళకెంత, పనికెంత,
స్నేహితులకెంత.
ఆమె గొడుగులోంచి ట్రోన్‌హైమ్ వాన
కొట్టు నేల మీదికి చుక్కచుక్కగా దిగుతోంది.

కూర్చో, సూల్వై.
ఈ పియానోకి ఇంకా నలభై తీగలు మిగిలాయి.
పని చేసుకుంటూ చెబుతాను,
అంకెలు తర్వాత వేసుకుందువు.

గోడలకు చెవులుంటాయంటారు.
పందొమ్మిదో ఏట నా గోడలకు నోళ్ళొచ్చాయి.
మొదట నా పేరు మాత్రమే. తర్వాత నా తప్పులు.
ఆ తర్వాత నదికి వెళ్ళే దారి.
తీగ ఏమాత్రం శ్రుతి తప్పినా పట్టేస్తాను నేను.
అవి తప్పలేదు.
మనుషుల గొంతులే కల్తీ అనిపించేవి.

కనిపెట్టింది అమ్మా కాదు, నాన్నా కాదు.
మూడో నెంబరు బస్సు నడిపే తూర్‌బ్యోర్గ్.
చివరి స్టాపులో దిగకుండా నాలుగు రోజులు అలాగే కూర్చున్నానట.
అయిదో రోజు ఇంజను ఆపి, పక్కన కూర్చుని,
తన డబ్బాలోంచి సగం రొట్టె నా చేతిలో పెట్టి
ఎవరితో మాట్లాడుతున్నావు అని అడిగింది,
ఫోన్లో ఎవరూ అన్నంత మామూలుగా.
ఆ సాయంత్రమే ఆసుపత్రి.
గోడ మొదటిసారి నోరు విప్పిన రోజు నుంచి
పదకొండు వారాలు.

రాసుకో. అది నా గొప్ప కాదు.
ఎదుటి మంచం మీద ఈవర్ ఉండేవాడు.
వాడి పదకొండు వారాలు నాలుగేళ్ళు.
చేపల పడవలో, ఎవరికీ చెప్పకుండా,
చెవుల్లో ఉన్ని కుక్కుకుని నాలుగేళ్ళు.
చదరంగంలో నన్ను పన్నెండు ఎత్తుల్లో కట్టేసేవాడు.
ఆదివారాలు ఇప్పటికీ వెళ్తాను.
పావులు నేనే సర్దుతాను.
వాడి ఎత్తులు కూడా నేనే వేస్తాను.

మందులకా? అయిదు వేసుకో.
పక్కనే సున్నా కూడా వేసుకో.
నాలుక రాయైంది, పదిహేను కిలోలు పెరిగాను,
తీగ బిగించబోతే చెయ్యి ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకునేది.
బాగయ్యాను కదా అని ఒక వసంతంలో మానేశాను.
చీకటే పడని జూన్‌లో నిద్ర పోయింది,
తర్వాత నేను పోయాను.
మళ్ళీ అదే వార్డు, అదే కిటికీ.
"నీ చెప్పులు దాచి ఉంచాను" అంది నర్సు హల్దిస్.
ఆ మాటలో ఎత్తిపొడుపు కోసం మూడు రోజులు వెతికాను.
లేదు.

నాన్నది పెద్ద గొంతు.
ప్రేమ కూడా అరుపుగానే వచ్చేది ఆయనకి.
లేవలేదా, తినలేదా, ఇంకెన్నాళ్ళిలా.
అరవయ్యో ఏట నా కోసం తరగతికి వెళ్ళాడు,
ఇంకొందరు తండ్రులతో, తల్లులతో.
అక్కడేం నేర్పారో నాకు తెలియదు.
ఒక పొద్దున నా తలుపు కొట్టబోయి, ఆగి,
కాఫీ గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు.
ఆ వెనుదిరిగిన అడుగులకు ఎన్ని వేస్తావు?

గంజాయి మానేశాను. దానితో పాటు షూర్ కూడా పోయాడు.
వాడొక్కడే స్నేహితుడు నాకు.
నీ కాగితంలో అది లాభం కింద ఉంటుంది కాబోలు.

ఇక ఈ కొట్టు.
పద్నాలుగు నెలలు ఓడ్నీ నా స్టూలు ఎవరికీ ఇవ్వలేదు.
తిరిగొచ్చిన రోజు ఎలా ఉన్నావని కూడా అడగలేదు,
"బడి పియానో చెడింది, నడు" అంది.
రోజుకు రెండు గంటలు. మంచు కరిగాక మూడు.

ఇప్పుడా?
ఉన్నాయి. పక్క గదిలో హీటరు గొణిగినట్టు.
నిద్ర చాలకపోతే శ్రుతి మించుతాయి,
అప్పుడు మాత్ర, దుప్పటి, హల్దిస్‌కి ఒక ఫోను.
నిన్న వాటిల్లో ఒకటి నా పని బాగుందంది.
నమ్మలేదనుకో.

ఈవర్‌ని కూడా అడుగుతావా ఇవన్నీ?
అడుగు. జవాబు కోసం కాస్త ఎక్కువసేపు ఆగు.

సరే, ఆ నల్ల మెట్టు నొక్కు.
గట్టిగా కాదు.
మళ్ళీ.
వదలకు.