ఇరవై రెండు బోల్టులు

త్సియూరి స్నానాలగదిలో వాషింగ్ మెషీన్
కొన్న నాలుగేళ్ల రెండు నెలలకి
అరవడం మొదలెట్టింది.
గ్యారంటీ నాలుగేళ్లు.
ఈ లెక్క నాకు కంఠతా వచ్చు.
కుతైసీలో ఏ వాటా తలుపు తట్టినా
ఇదే ఎక్కం.

మోకాళ్లమీద కూచుని రేకుకి చెవి ఆనించాను.
లోపలెవరో గులకరాళ్లు నములుతున్నారు.
బేరింగు.
గుప్పెట్లో ఇమిడే ఇనప గాజు,
అందులో తొమ్మిది గోళీలు,
ఖరీదు ఒక పూట భోజనమంత.

దాన్ని చేరడమే కష్టం.
తొట్టిని రెండు చిప్పలుగా పోతపోసి
అంచులు కరిగించి అతికేశారు.
మర లేదు, కీలు లేదు.
అక్రోటుకాయకైనా
కత్తి మొన దూరే నెర్ర ఉంటుంది.

కంపెనీ ఫోనులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది:
తొట్టి మొత్తం మార్చాలట,
కొత్త మెషీన్ ధరలో ముప్పాతిక అవుతుందట.
అంటే దీనికి నూకలు చెల్లాయని.
ముందు వైపు నీలి దీపాలు మాత్రం
పెళ్లివారిల్లులా వెలుగుతూనే ఉన్నాయి.

త్సియూరి ప్రసూతి ఆసుపత్రిలో నర్సు.
ఏప్రాన్లు ఇంటికి తెచ్చి ఉతుక్కుంటుంది.
ఏమీ అనకుండా నన్ను బాల్కనీలోకి తీసుకెళ్లింది.
అక్కడ వాళ్ల నాన్న ఫ్రిజ్,
ట్రక్కుల ఫ్యాక్టరీలో పేరు రాయించుకుని
మూడేళ్లు ఎదురుచూస్తే వచ్చింది.
సరిగ్గా అప్పుడే అది
గుర్రం ఒళ్లు విదిల్చినట్టు వణికి, ఆగింది.
"యాభై ఏళ్లు, జెమాల్. అప్పటి ఇనుము!"

అవుననబోయి ఆగాను.
దానికి రెండుసార్లు గ్యాసు నింపింది నేనే.
మోటారు మార్చింది మా నాన్న.
కరెంటు బిల్లులో సగం అదే మేస్తుంది.
గొళ్లెం పడితే లోపల్నించి తెరుచుకోని తలుపు;
దాగుడుమూతల్లో దాని దగ్గరికి వెళ్తే
మా చెవులు మెలిపెట్టేవాళ్లు.
పైగా మనం చూసేది బతికినవాటినే కదా.
రియోనీ ఒడ్డున తుక్కు దిబ్బలో
దాని తోబుట్టువులు ఎన్ని
రెండో వేసవికే నోరు తెరుచుకుని పడ్డాయో
ఎవరు లెక్కపెట్టారు?

అయినా దాని వీపుమీద నాలుగు మరలున్నాయి.
ఒక స్క్రూడ్రైవరూ, ఒక మధ్యాహ్నమూ చాలు.
ఏదో ఒకరోజు పాడవుతానని
అది ముందే ఒప్పుకుని పుట్టింది.

రంపం తెచ్చాను.
కోసేముందు అంచు చుట్టూ బెజ్జాలు వేశాను;
విప్పేముందు కలిపే దారి చూసుకోమనేవాడు నాన్న.
ఇరవై రెండు.
తర్వాత కోత. ప్లాస్టిక్ పొట్టు
త్సియూరి చెప్పుల మీద తెల్లగా రాలింది.
నా భుజం పట్టేసింది. రెండుసార్లు బూతులు తిట్టాను,
ఆవిడ వినిపించుకోనట్టు నటించింది.

చిప్పలు విడిపోయాయి.
అడుగున బూడిదరంగు బురద,
ఒక పిన్నీసు, ఒక నాణెం,
పసిబిడ్డ మణికట్టుకి కట్టే నంబరు పట్టీ ఒకటి.
సిరా ఎప్పుడో కరిగిపోయింది.
వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఎవరి బిడ్డో. దీని వయసే ఉంటుంది ఇప్పుడు."
జేబులో వేసుకుంది.

కొత్త బేరింగు కూచోబెట్టి
అంచుకి సిలికాన్ పూసి
బోల్టులు బిగించి, రాత్రంతా ఆరనిచ్చి
పొద్దున్నే వచ్చి నీళ్లు వదిలాను.
పదిహేడో బోల్టు దగ్గర ఒక చుక్క.
ఇంకో అర చుట్టు తిప్పాను.
ఇంకో చుక్క రాలేదు.
తెల్లటి ఏప్రాన్లు మెల్లగా పొర్లడం మొదలెట్టాయి,
మాట్లాడకుండా.

"ఎన్నాళ్లొస్తుంది?"
"తెలీదు."
డబ్బులిచ్చింది. పాత ఫ్రిజ్‌లోంచి తీసిన
పుల్లటి రేగుపండ్ల పచ్చడి సీసా ఇచ్చింది,
చేతులు జివ్వుమనేంత చల్లగా.
గ్యారంటీ కాగితం ఏదని నవ్వుతూ అడిగింది.

ఆ బోల్టులకి సరిపడే రెంచి ఒకటి
మెషీన్ వెనక
తీగతో కట్టి వచ్చాను.