శివారుకి నీళ్ళు

సూర్యారావుపేటలో మా స్కానింగ్ గది
మేడ కింద, మెట్ల పక్కన,
ఒకప్పుడు స్కూటర్లు పెట్టుకునే చోటు.
ఆడో మగో చెప్పబడదని గోడ మీద బోర్డు.
దాన్ని రెండుసార్లు చదివి
"మాకదేం వద్దండి, బతుకుద్దో లేదో చెప్పండి చాలు"
అన్నాడు ఇమ్మానియేలు.

బందరు కాలువ మీద లస్కరు.
ఇరవై ఆరేళ్ళు షట్టర్లు ఎత్తి దించిన చేతుల్లో
కూతురి ఫైలు, పసిపిల్లని పట్టుకున్నట్టు.

సలోమికి తొలిచూలు.
ముప్పై రెండు వారాల నాలుగు రోజులు.
బిడ్డ బరువు పదమూడు వందల యాభై గ్రాములు.
మళ్ళీ కొలిచాను.
మళ్ళీ అంతే.

జెల్ చల్లదనానికి పొట్ట ముడుచుకుంది.
డాప్లర్ మీట నొక్కాను.
గదిలో చప్పుడు మొదలైంది,
తడిబట్ట బండకేసి బాదినట్టు, ఆగకుండా, వడివడిగా.
"గుండేనా?" అంది.
ఊఁ అని ఊరుకున్నాను.
నిజానికది నెత్తురు నడక.
కృష్ణ వంతెన మీద రైలు ఎదురొచ్చేటప్పుడు ఒక కూత,
దాటిపోయాక ఇంకో కూత.
అట్లాగే ఇదీ,
వస్తోందో పోతోందో గొంతు మార్చి చెబుతుంది.

బొడ్డుతాడులో అల లేస్తుంది, పడుతుంది.
గుండె కొట్టినప్పుడు ఎట్లాగూ పారుతుంది.
రెండు దెబ్బల మధ్య
గుండె నడుం వాల్చే ఆ సందులో కూడా పారాలి.
అక్కడే సన్నబడింది.
గీతని ముట్టలేదు.
ముట్టబోతోంది.

"ఆ కొండల్లాంటివేంటి మేడం?"
నా దగ్గర పుస్తకం మాటలే ఉన్నాయి.
మాయలో దారులు ఇరుకయ్యాయి, అటు ఒత్తిడి పెరిగింది, అంటూ ఏదో...
ఆయన చెయ్యి అడ్డంపెట్టి
"పైనుంచి రావడం తగ్గింది. అంతేగా?"
అంతే.

ప్రోబ్ తల దగ్గరికి జరిపాను.
మెదడు నాళంలో మాత్రం నిండుగా పారుతోంది,
ఉండాల్సిన దానికంటే నిండుగా.
ఆ రంగు చూసి సలోమి ముఖం విప్పారింది.
నా ముఖం విప్పారలేదు.
అది ఆయన చూశాడు.

"నీళ్ళు చాలని ఏడాది మేమూ ఇంతే.
ముందు తాగునీటి చెరువులు నింపుతాం.
చేలకి వంతులు పెడతాం.
శివారు రైతులు సైకిళ్ళేసుకొచ్చి అమ్మనా బూతులు తిట్టిపోతారు.
ఇక్కడ శివారు ఏదండి?"

పేగులు. మూత్రపిండాలు. ఒంటి మీది కండ.
అందుకే ఉమ్మనీరు తగ్గింది.
తొమ్మిదేళ్ళు చదువుకున్నది
నాకంటే ముందు ఆయనే చెప్పేశాడు.

ఇంకొక్క నాళం మిగిలింది.
కాలేయం చాటున, అగ్గిపుల్లకన్నా సన్నం,
నేరుగా గుండెకి దారి.
బిడ్డ కదిలితే తప్పిపోతుంది.
సలోమీ, కాస్త ఊపిరి బిగబట్టమ్మా.
ఒకసారి పోయింది.
రెండోసారి కరెంటు పోయి యూపీఎస్ కూతపెట్టింది,
మేం ముగ్గురం ఉలిక్కిపడ్డాం, బిడ్డ నాలుగోది.
మూడోసారి దొరికింది.
ఒక మెట్ట, ఇంకో మెట్ట, తర్వాత పల్లం.
పల్లం గీత కిందికి దిగిందా,
గుండె అలిసిపోయిందని అర్థం,
ఇక ఆగేది లేదు.
దిగలేదు.
గీతకి పైనే ఉంది, గోరంత పైన.
ఆరు అలలు లెక్కపెట్టాను.
ఆరూ పైనే.
ఏడోదీ చూశాను, ఎందుకో.

"ఇవాళ ఆపరేషన్ వద్దు.
బిడ్డ ఊపిరితిత్తుల కోసం రెండు సూదులు.
ఎల్లుండి మళ్ళీ చూద్దాం.
కదలిక తగ్గిందనిపిస్తే అర్ధరాత్రైనా రండి,
పొద్దున చూద్దాంలే అనుకోవద్దు."

అన్నీ ఫైలు అట్ట మీద రాసుకున్నాడు,
గేజీ లెక్కలు రాసే వంకర అంకెల్తో.
గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.
"మరి లోపల గేటు ఎవరి చేతిలో ఉందండి?"

బిడ్డ చేతిలోనే, అన్నాను.

కాసేపు అట్లాగే నిలబడ్డాడు.
"డ్యూటీకి మరీ చిన్న వయసు" అని,
వంగి, కూతురి చెప్పులు
ఆమె కాళ్ళ ముందుకు జరిపాడు.